రాజమండ్రిలో పిల్లల లైఫ్ స్కిల్స్ క్లాసు: 12 ఆదివారాలు పంపాక నా అభిప్రాయం

మొన్న ఆదివారంతో మా అమ్మాయి లైఫ్ స్కిల్స్ క్లాసులు పూర్తయ్యాయి. రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీద నడుపుతున్నారు, మొత్తం 12 ఆదివారాలు, పొద్దున పదింటి నుంచి పన్నెండింటి వరకు, ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలకి. ఫీజు 4,800 రూపాయలు, అందులోనే ఒక నోటుపుస్తకం, బొమ్మల కార్డుల పెట్టె ఇచ్చారు. క్లాసు పేరు రాయడం లేదు. బాగున్నవి చాలా ఉన్నాయి, గట్టిగా చెప్పాల్సిన లోపాలూ ఉన్నాయి, ఆ లోపాల గురించి వాళ్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడేశాను కాబట్టి ఇక్కడ పేరు పెట్టి రచ్చ చేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇలాంటి క్లాసులు ఇప్పుడు చాలా ఊళ్లలో మొదలవుతున్నాయి, డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలో ఎవరికైనా పనికొస్తుందని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్). రోజూ చిన్నపిల్లలతోనే పని. అయినా సొంత పిల్లని ఈ క్లాసుకి ఎందుకు పంపానంటే, ఆ పిల్ల నోరు విప్పదు. మూడో తరగతి, ఎనిమిదేళ్లు. చదువు బాగానే ఉంటుంది. స్కూల్లో బాక్సు పోయినా, ఆటోలో పెద్ద పిల్లలు జడ పట్టుకుని లాగినా నాకు పది రోజుల తర్వాత పక్కింటి పిల్ల చెబితే తెలుస్తుంది. ఆదివారం రాత్రి అయ్యేసరికి కడుపునొప్పి. రెండు సార్లు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం, కడుపులో ఏమీ లేదండి, స్కూలంటే టెన్షన్ పడుతోందేమో కనుక్కోండి అన్నారు. కనుక్కుందామంటే అది చెబితే కదా.

అసలు లైఫ్ స్కిల్స్ అనే మాట కొత్తదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే బడి పిల్లలకి నేర్పాల్సినవంటూ పది చెప్పింది. తన గురించి తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యని విడదీసి చూడటం, మంచీచెడూ తరచి ఆలోచించడం, కొత్తగా ఆలోచించడం, మనసులో మాట చెప్పడం, నలుగురితో మెలగడం, కోపం బాధ లాంటివాటిని సంబాళించుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. వీళ్ల బ్రోచర్లో కూడా ఈ పదీ రంగురంగుల బుడగల్లో వేశారు. బ్రోచర్ ఎవరైనా వేస్తారు. ఆరేళ్ల పిల్లకి "సమస్యని విడదీసి చూడటం" ఎలా నేర్పుతారో చూడాలని మొదటి రెండు వారాలు నేను బయట మెట్ల మీదే కూర్చున్నాను, తలుపు తీసే ఉంచారు, ఎవరూ వద్దనలేదు. ఇది వాళ్లకి నేను వేసే మొదటి మంచి మార్కు.

రెండో ఆదివారం పిల్లలందరికీ తలో నిమ్మకాయ, మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ చాకు, గ్లాసు, నీళ్లు ఇచ్చారు. బల్ల మీద రెండు గిన్నెలు, ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో మెత్తగా పొడి కొట్టిన పంచదార. మీ నిమ్మరసం మీరే చేసుకోండి అన్నారు, ఎలా చేయాలో చెప్పలేదు. మా పిల్ల మా ఇంట్లో నిమ్మకాయ కొయ్యడం నేనెప్పుడూ చూడలేదు, ఎందుకంటే చాకు ముట్టుకోనివ్వను. నిమ్మకాయ దాని చేతిలోంచి రెండుసార్లు జారి కిందకి దొర్లింది. మూడోసారి అరచేత్తో బల్లకేసి అదిమి పట్టుకుని కోసింది. పిండింది, గింజలు వేలితో ఏరింది, పంచదార అనుకుని రెండు చెంచాలు ఉప్పు వేసేసింది. ఒక గుక్క తాగి మొహం అంతా ముడుచుకుని టీచర్ వైపు చూసింది. నేనైతే అక్కడే లేచి గ్లాసు లాక్కుని పారబోసి వేరే కలిపి ఇచ్చేదాన్ని. ఆ టీచర్ (చిన్న వయసే, పిల్లలంతా అక్కా అని పిలుస్తారు) దాని పక్కన చతికిలబడి "అయ్యో, ఉప్పు ఎక్కువైందా? ఇప్పుడేం చేద్దాం?" అని అడిగి ఊరుకుంది. అంతే, ఇంకో మాట లేదు. మా పిల్ల చాలాసేపు గ్లాసు వంక చూసింది. తర్వాత లేచి వెళ్లి పెద్ద జగ్గు తెచ్చుకుని అందులో పోసి, నీళ్లు పోసి, పక్కపిల్ల దగ్గర మిగిలిన నిమ్మచెక్క అడిగి తీసుకుని (అడిగింది! మా పిల్ల!), పంచదార వేసి కలిపి, నలుగురికి పోసింది. కొంచెం ఉప్పగానే ఉందట, అయినా అందరూ తాగారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు స్కూటీ మీద వెనకనుంచి ఆ జగ్గు కథ మూడుసార్లు చెప్పింది.

పనులు నేర్పడంలో వీళ్లకి వంక పెట్టడానికి లేదు. షూ లేసు కట్టుకోవడం, చొక్కా మడత పెట్టడం, తిన్న కంచం కడగడం, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు నోటికి రావడం, 112కి ఎప్పుడు చెయ్యాలి, 108కి ఎప్పుడు చెయ్యాలి, ఫోన్ ఎత్తాక ముందు ఎక్కడున్నామో చెప్పాలని, ఇవన్నీ ఆటలాగా చేయించారు. ఆరో ఆదివారం ఆరుగురేసి పిల్లల్ని రైతుబజారుకి తీసుకెళ్లి తలా 50 రూపాయలు చేతికిచ్చారు. అరకిలో టమాటాలు, ఒక కట్ట కొత్తిమీర కొని మిగిలిన చిల్లర లెక్కపెట్టి తేవాలి. మా అమ్మాయి కొత్తిమీర కొని చిల్లర అడగలేక వచ్చేసిందట. అక్క తిట్టలేదు, మళ్లీ పంపలేదు కూడా, నీకు అక్కడ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటేంటి అని అడిగి ఆ మాట తన ముందు రెండుసార్లు అనిపించిందట. తర్వాతి శనివారం మా వీధి కొట్లో "అంకుల్, నాకింకా నాలుగు రూపాయలు రావాలి" అని నా పక్కనే నిలబడి అడిగింది.

ఇక కార్డుల సంగతి. ఇక్కడ నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత క్లాసులోకెల్లా అదే నాకు బాగా నచ్చింది. పెట్టెలో ఉన్న కార్డులన్నీ ఇంగ్లిషు. హ్యాపీ, శాడ్, యాంగ్రీ, స్కేర్డ్, ఒక్కోదానికి ఒక పసుపు మొహం బొమ్మ. మూడు వారాలు మా పిల్ల ఏమడిగినా శాడ్ అనేది. చెల్లెలు బొమ్మ విరగ్గొడితే శాడ్, స్నేహితురాలు పుట్టినరోజుకి పిలవకపోతే శాడ్, వాళ్ల నాన్న ఊరెళితే శాడ్. ఇదేం చదువు అనిపించింది నాకు. మన దగ్గర ఎన్ని మాటలున్నాయి! బొమ్మ విరిగితే వచ్చేది ఉక్రోషం, పుట్టినరోజుకి పిలవకపోతే చిన్నబుచ్చుకుంటాం, నాన్న ఊరెళితే బెంగ. అలక వేరు, కోపం వేరు. అలిగిన పిల్ల తనని బతిమాలాలని చూస్తుంది, కోపం వచ్చిన పిల్ల దగ్గరికి రావద్దంటుంది. ఈ రెంటికీ ఒకటే యాంగ్రీ మొహం చూపిస్తే పిల్ల ఏం చెప్పగలదు? మొహమాటం అనే మాట లేకుండా మన పిల్లల కష్టాలు సగం అర్థమే కావు.

నాలుగో వారం క్లాసు అయ్యాక ఇదే మాట టీచరుకి చెప్పాను. విసుక్కుంటుందేమో అనుకున్నాను గానీ నోటుపుస్తకం తీసి రాసుకుంది. తర్వాతి ఆదివారానికి అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో బెంగ, అలక, ఉక్రోషం, జంకు, కుళ్లు, మొహమాటం, దిగులు అని రాసి తెచ్చింది. పిల్లలు ఆ అట్టల మీద పడ్డారు. అందులో ఒక చిన్న పిల్ల, అప్పటిదాకా గోడ పక్కన కూర్చుని ఏ కార్డూ ముట్టుకోని పిల్ల, బెంగ అట్ట తీసి ఒళ్లో పెట్టుకుని వదల్లేదట. వాళ్లమ్మ పని మీద కువైట్‌లో ఉంటుంది. మా గోదావరి జిల్లాల్లో అలా వెళ్లిన తల్లులు ఎంతోమంది, మా బడిలోనూ ఉన్నారు అలాంటి పిల్లలు, వాళ్లని నేను అందరిలాగే "ఎందుకలా ఉన్నావ్, హోంవర్క్ ఏది" అని అడుగుతూ వచ్చాను ఇన్నేళ్లూ. ఆ రోజు నుంచి మా రెండో తరగతి గోడకి కూడా ఆ మాటలు రాసిన అట్టలు తగిలించాను. పొద్దున ప్రేయర్ అయ్యాక ఎవరికి ఎలా ఉంటే ఆ అట్ట కింద ఒక చింతగింజ పెడతారు. నేను కారణం అడగను. బెంగ కింద గింజలు ఎక్కువున్న రోజు మొదటి పీరియడ్‌లో లెక్కలు పక్కన పెట్టి కథ చెబుతాను. చెప్పాలనుకున్న పిల్ల మధ్యాహ్నం భోజనం దగ్గర కంచం పట్టుకుని తనే నా పక్కకి వచ్చి కూర్చుంటుంది.

మీరు పంపబోయే క్లాసులో ఇది తప్పకుండా చూడండి, మనసుకి సంబంధించిన పాఠం పిల్ల ఇంట్లో ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషలో జరుగుతోందా లేదా అని.

ఏడో ఆదివారం ఒంటి భద్రత పాఠం. పాఠం చాలా బాగా చెప్పారు, చెప్పే ముందు చేయాల్సింది చేయలేదు. ముందు బాగున్నది చెబుతాను. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అనే మాటలు వాడలేదు, భద్రమైన తాకిడి, భద్రం కాని తాకిడి అన్నారు. అడిగితే కారణం చెప్పారు. కొన్ని తాకిళ్లు పిల్లలకి నొప్పిగానో చెడ్డగానో అనిపించకపోవచ్చు, అప్పుడు బ్యాడ్ అనే మాట వాళ్లకి అర్థం కాదు, తర్వాత అర్థమయ్యాక నేనే బ్యాడ్ అనుకుంటారు అని. శరీర భాగాలకి ముద్దుపేర్లు కాకుండా అసలు పేర్లు చెప్పారు. వద్దు అని గట్టిగా అనడం, అక్కడి నుంచి వెళ్లిపోవడం, నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పడం, వాళ్లు వినకపోతే ఇంకొకరికి చెప్పడం, ఎవరో ఒకరు వినేదాకా చెబుతూనే ఉండటం, ఇవి నాటకంలా చేయించారు. పుట్టినరోజు కేకు గురించి దాచే మాట వేరు, ఎవరికీ చెప్పకు అని భయపెట్టి దాచమనే మాట వేరు అని విడదీసి చెప్పారు. 1098 నంబరు నేర్పారు, పది, తొమ్మిది, ఎనిమిది అని దిగుతూ వస్తే గుర్తుండిపోతుంది, పిల్లల కోసం ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేసే నంబరు అది.

మగపిల్లలని పక్కకి పంపలేదు, అందరికీ కలిపే చెప్పారు, ఇది కూడా నాకు నచ్చింది. మగపిల్లల తల్లులు చాలామంది మాకెందుకు ఇవన్నీ అంటారు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు పిల్లలెవరికైనా ఒకటే, అందులో ఆడ మగ తేడా లేదు, జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చేయకుండా ఊరుకున్న పెద్దవాళ్లదీ నేరమే. టీచరుగా నాకు ఇది ట్రైనింగులో చెప్పారు, తల్లులకి చెప్పేవాళ్లే తక్కువ.

ఇక చేయనిది. ఆ రోజు ఈ పాఠం ఉంటుందని మాకు ఒక్కరికీ ముందు మెసేజ్ పెట్టలేదు. పిల్లలు ఇంటికొచ్చి భోజనాల దగ్గర తాతయ్యల ముందు ఆ శరీర భాగాల పేర్లన్నీ గట్టిగా చెప్పారు. మా ఇంట్లో సర్దుకున్నాం. ఇంకో ఇంట్లో పిల్లని చెంపదెబ్బ కొట్టి నోరు మూయించారని, ఆ తర్వాత క్లాసు మానిపించారని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పు, చెప్పు, వినేదాకా చెప్పు అని పొద్దున నేర్పి, మధ్యాహ్నానికి చెప్పిన పిల్లకి దెబ్బ తగిలే పరిస్థితి వస్తే ఆ పిల్ల ఇంకెప్పుడైనా చెబుతుందా? దీని గురించి నిర్వాహకురాలితో గట్టిగానే మాట్లాడాను. ముందు వారమే తల్లిదండ్రులని ఒక గంట కూర్చోబెట్టి ఏం చెప్పబోతున్నారో, పిల్ల వచ్చి అడిగితే మనం ఏమనాలో చెప్పి తీరాలని అన్నాను. తప్పు ఒప్పుకున్నారు, వచ్చే బ్యాచికి పెడతామన్నారు. పెట్టారో లేదో మీరు చేరే ముందు అడగండి.

ఆ పాఠంలోనే పిల్లలతో అరచెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ గీయించి, ఒక్కో వేలి మీద, ఏదైనా అయితే నేను చెప్పుకోగలిగే మనిషి అని ఒక్కో పేరు రాయమన్నారు. మా అమ్మాయి బొటనవేలి మీద అమ్మమ్మ అని రాసింది. నేను మధ్యవేలి మీద ఉన్నాను, మూడో పేరు. రాత్రి పడుకునేటప్పుడు మామూలుగా అడిగినట్టే అడిగాను, అమ్మమ్మ ఎందుకు మొదట అని. "అమ్మమ్మ మధ్యలో ఆపదమ్మా" అంది. నేను ఆపుతానా అన్నాను. "నువ్వు నేను చెప్పేది సగంలో ఉండగానే మరి నువ్వేం చేశావ్ అంటావు కదా" అంది. అందులో కోపం లేదు, లెక్కల్లో జవాబు చెప్పినట్టు చెప్పింది. ఆ మాటకే నేను కట్టిన 4,800 చెల్లిపోయాయి. ఇప్పుడు అది మాట్లాడుతుంటే స్టవ్ కట్టేసి చేతులు తుడుచుకుని కూర్చుంటున్నాను, నోట్లోకి వచ్చిన ప్రశ్న మింగేస్తున్నాను. కష్టంగానే ఉంది, అలవాటవుతోంది. ఆటోలో జడ లాగే పిల్లల సంగతి నాకు అదే చెప్పింది ఈసారి, పక్కింటి పిల్ల కంటే ముందు. కడుపునొప్పి పూర్తిగా పోయిందని చెప్పను గానీ ఈ నెలలో ఒక్కసారే వచ్చింది.

ఇంకోటి, చుట్టాలు వచ్చినప్పుడు "మామయ్యకి ముద్దు పెట్టు, సిగ్గేంటి" అని ముందుకి తోయడం మా ఇంట్లో మానేశాం. దండం పెడుతుంది, ఇష్టమైతే దగ్గరికి వెళుతుంది. మా అత్తగారు మొదట నొచ్చుకున్నారు, ఆ పాఠం సంగతి నెమ్మదిగా చెప్పాక ఆవిడే ఇప్పుడు వచ్చినవాళ్లకి చెబుతున్నారు, పిల్లని బలవంతపెట్టకండమ్మా అని.

బాగా నచ్చనిది స్టార్ల చార్టు. గోడకి పెద్ద చార్టు, పిల్లల పేర్లు, వారంవారం స్టార్లు. పళ్లు తోముకున్నందుకు, పక్క సర్దినందుకు స్టార్ ఇస్తే ఇచ్చారు, పోనీ. అందులో "ఈ వారం ఏడవలేదు", "కోపం తెచ్చుకోలేదు" అని రెండు గడులు ఉన్నాయి. ఒక చేత్తో బెంగ అట్ట ఇచ్చి ఇంకో చేత్తో ఏడవనందుకు స్టార్ ఇస్తే పిల్ల స్టార్‌నే నమ్ముతుంది. మా అమ్మాయి ఒక బుధవారం బాత్రూంలోకి వెళ్లి ట్యాప్ తిప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "ఇది లెక్కలోకి రాదు కదమ్మా" అని అడిగింది. నాకు చాలా బాధేసింది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో నర్సరీ నుంచి ఎనిమిది దాకా హ్యాపీనెస్ క్లాసు అని మొదలుపెట్టినప్పుడు దానికి పరీక్షలు, మార్కులు లేకుండా పెట్టారు, అలా ఎందుకు పెట్టారో ఆ బుధవారం నాకు పూర్తిగా అర్థమైంది. ఏడుపు ఆపుకోవడం వేరు, ఏడుపు వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియడం వేరు. ఆ రెండోది వీళ్లు బాగానే నేర్పారు కూడా, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పొట్ట పైకి లేచేలా మెల్లగా గాలి పీల్చి అంతకంటే మెల్లగా వదలడం, చల్లటి నీళ్లు తాగడం, కాసేపు ఒంటరిగా ఉంటానని చెప్పి వెళ్లడం. అంత మంచిగా నేర్పినవాళ్లు ఆ గడులు ఎలా పెట్టారో. చెప్పాక రెండు వారాలకి తీసేశారు. చార్టు మాత్రం ఉంచారు.

ఆఖరి ఆదివారం స్టేజి. హాలు అద్దెకి తీసుకుని, బ్యానర్ కట్టి, ఒక్కో పిల్లని మైకు ముందుకి తెచ్చి కంఠతా పట్టించిన నాలుగు ఇంగ్లిషు వాక్యాలు చెప్పించారు, నాకు ధైర్యం ఉంది, నేను సంతోషంగా ఉన్నాను అని వాటి అర్థం. మాట తడబడే బాబు ఒకడు మూడో వాక్యం దగ్గర ఆగిపోయాడు. వెనకనుంచి అందిస్తున్నారు, వాడు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు, జనం చప్పట్లు కొట్టి దింపేశారు. పదకొండు వారాలు ఆ బాబు నిమ్మకాయలు కోశాడు, బజారులో బేరమాడాడు, అట్టలు ఏరాడు, అక్కడెక్కడా వాడి మాట ఎవరికీ అడ్డు రాలేదు. ఆ స్టేజి తల్లిదండ్రుల ఫోన్లలో వీడియోల కోసం పెట్టింది, పిల్లలకి దాంతో పనిలేదు.

పంపాలా వద్దా అని అడిగేవాళ్లకి, పంపండి, కానీ ఒక్కో టీచరుకి ఎంతమంది పిల్లలో అడగండి (ఇక్కడ 18 మందికి ఇద్దరు, అది సరిపోయింది), తలుపు తీసి ఉంచుతారా అడగండి, భద్రత పాఠానికి ముందు మిమ్మల్ని పిలుస్తారా అడగండి. మొదటి రెండు వారాల్లో పిల్ల ఇంటికొచ్చి ఏం చేశానో చెబుతుందా, ఏం విన్నానో చెబుతుందా గమనించండి. విన్నదే చెబుతుంటే అది ఇంకో ట్యూషన్ కింద లెక్క. అంత డబ్బు పెట్టలేనివాళ్లు బెంగపడక్కర్లేదు, నిమ్మకాయ, అట్టముక్కలు, చింతగింజలు, ఒక కాగితం మీద అరచెయ్యి, వీటికి ఖర్చేముంది. మా బడిలో ఇప్పుడు శనివారం పుస్తకాల సంచి ఉండదు, ఆ రోజుని నేను వీటికే వాడుతున్నాను. మొన్న శనివారం 23 మంది అరచేతులు గీశారు. నాలుగు చేతుల మీద ఒక్కో వేలు ఖాళీగా ఉండిపోయింది, ఆ నలుగురి ఇళ్లకీ ఈ వారం వెళ్తున్నాను.

మా చిన్నదానికి వచ్చే జూన్‌కి ఆరు నిండుతాయి. పంపుతాను, అదే క్లాసుకి, అదే అక్క దగ్గరికి. ఆఖరి ఆదివారం స్టేజి ఉంటే మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉంచుకుని జగ్గు నిండా నిమ్మరసం చేయిస్తాను.